మద్దెలకారునికి పేరు లేదా?

“రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్లు” అన్న సామెత తెలియని తెలుగువారుండరు. రోలుకు ఒకవైపే దెబ్బ. మద్దెలకు రెండువైపులా దెబ్బలే. తనకంటె ఎక్కువ బాధపడేవాని వద్దకు పోయి తన బాధ చెప్పుకొనే అమాయకుని ఎగతాళి చేయడానికి ఈ మాట వాడుతాము. కాని ఈ సామెతలో మన దృష్టికి రాని విషయం మరొకటి ఉన్నది. మొర విన్న మద్దెల తన మొరను ఎవరితో చెప్పుకొన్నదో సామెత చెప్పదు. అడగవలెనని మనకూ తోచదు.

మద్దెల సంగతి అటుంచి, మద్దెల వాయించే మనిషి సంగతి కూడా ఇంతే. కచేరీ ముగిసిన పిమ్మట గాయకుని పేరు పదిమంది నోళ్ళలో నానుతుంది. మృదంగం ఎవరు వాయించినారంటే, “ఎవరో ఒకాయన, బాగానే వాయించినాడు” అంటారు. శాస్త్రీయ సంగీత సభలలోనే పరిస్థితి ఇట్లా ఉంటే, తప్పెటగుళ్ళు, జముకుల కథ, తూర్పు భాగవతం వంటి మన జిల్లాల కళలలో లయ నిలిపేవాని మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇది లోకాన్ని నిందించడానికి వ్రాస్తున్న వ్యాసం కాదు. ఈ తప్పు నేనూ చేసినవాడనే. కొన్ని సంవత్సరాల క్రితం మా కళాశాల వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం సిద్ధం చేసే పని నా మీద పడినది. ముఖ్య అతిథి పేరు, ఆయన బిరుదులు, అధ్యక్షుని పేరు, వందన సమర్పణ చేసేవారి పేరు, అన్నీ పొల్లు పోకుండా వేసినాను. చివరి పంక్తిలో “తప్పెటగుళ్ళు బృందం” అని రెండు మాటలు వేసి ఊరుకొన్నాను. ఆ సాయంకాలం ప్రదర్శన ముగిసిన తరువాత బృందానికి పెద్ద అయిన వృద్ధుడు ఆ కాగితాన్ని చేతబట్టుకొని నా వద్దకు వచ్చినారు. “మేస్టారూ, మాకు సదువు రాదు గానీ లెక్కొచ్చు. మేం పద్నాలుగు మందిమి ఆడాం. మనవడి సేత సదివించాను, ఈ కాయితంలో ఒక్క పేరూ నేదు” అన్నారు. కోపంగా అన్నమాట కాదది. లెక్క తప్పిన విద్యార్థికి లెక్క చెప్పినట్లు అన్నారు. నేను నవ్వి ఏదో సర్ది చెప్పినాను. ఆ నవ్వు ఇంకా నన్ను బాధిస్తూనే ఉన్నది.

ఆ మాట మనసులో ముల్లులాగా మెదులుతున్న రోజులలోనే, భూగోళానికి ఆవలివైపు పుట్టి పెరిగిన ఒక వాద్యకారుని జీవితాన్ని చదవడం తటస్థించినది. ఆయన పేరు కాందిదో కమేరో. క్యూబా దేశీయుడు. పరదేశంలో వలసదారుగా డెబ్బది సంవత్సరాలకు మించి బ్రతికి, 2020 నవంబరు 7న, 99 ఏండ్ల నిండు వయస్సులో న్యూయార్కు నగరంలో కన్నుమూసినారు. ఆయన కథ మన తప్పెటగుళ్ళ పెద్దకు నేను ఇవ్వలేకపోయిన సమాధానంలాగా నాకు తోచినది. ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఆ కథ చెప్పడం ఉచితమని ఈ ప్రయత్నం.

కాందిదో 1921 ఏప్రిల్ 22న జన్మించినారు. నాలుగేండ్ల ప్రాయంలో మేనమామో, చిన్నాయనో, ఇంటి బంధువొకరు ఆయనకు బాంగో అనే జంట వాద్యం నేర్పినారట. పిల్లవానికి అసలు వాద్యం ఎవరిస్తారు? చక్కెరపాల ఖాళీ డబ్బాలకు తోలు బిగించి ఇచ్చినారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన తప్పెట కళ్ళ ముందు మెదలినది. మన గొల్లల రొమ్ముమీద మ్రోగే తప్పెట కూడ రేకుతో చేసినదే గదా! రేకుముక్క ఎక్కడిదైనా రేకుముక్కే. దానిని పలికించే చేయి గొప్పది.

కాందిదో పుట్టేనాటికి క్యూబాలో బానిసత్వం రద్దయి 35 సంవత్సరాలు మాత్రమే అయినది. 1886 వరకు ఆ ద్వీపంలోని చెరకు తోటలలో ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన మనుషులచేత వెట్టిచాకిరి చేయించినారు. ఓడలో వారికి మూటాముల్లె లేదు, వాద్యమూ లేదు. కాని వారి చేతులకు లయ గుర్తున్నది. ఆ గుర్తుతోనే క్యూబాలో దొరికిన చెక్కతో, తోలుతో తిరిగి వాద్యాలు చేసుకొన్నారు. నిలువెత్తు పీపాయి వంటి కాంగా అనే వాద్యం ఆ విధంగా పుట్టినదే. మొదట్లో దాని తోలును మేకులతో దిగగొట్టేవారు. కనుక శ్రుతి తగ్గినప్పుడు నిప్పుసెగకు కాచేవారు. డప్పు కాచడం చూచిన మన పల్లెల పిల్లలకు ఇది వివరించనక్కరలేదు.

ఉత్తర అమెరికాలో మాత్రం కథ వేరుగా జరిగినది. 1739లో దక్షిణ కరొలైనాలో బానిసలు తిరుగుబాటు చేసినారు. మద్దెలలు మ్రోగించి మనుషులను కూడగట్టినారని మరుసటి సంవత్సరం అక్కడి ప్రభుత్వం చేసిన చట్టం బానిసలకు ఆ వాద్యాలనే నిషేధించినది. పాలకులకు మద్దెల అంటే ఎంత భయమో చూడండి! పాటను ఆపలేకపోయినారు, చప్పట్లను ఆపలేకపోయినారు, చేతితో వాయించే మద్దెల మాత్రం ఆ నేలపై చాలవరకు మూగపోయినది. రెండు శతాబ్దాల తరువాత క్యూబా నుండి వలస వచ్చిన వాద్యకారులు ఆ మూగతనాన్ని పోగొట్టినారు. వారిలో కాందిదో ఒకరు.

ఆయన 1946లో కార్మెన్, రోలాండో అనే నర్తకుల జంటతో న్యూయార్కు చేరినారు. ఆ నృత్యానికి క్యూబాలో ఇద్దరు వాద్యకారులుండేవారు. ఒకరు స్థిరమైన నడక వాయిస్తే, మరొకరు చిన్న మద్దెలపై నర్తకుల అడుగులకు తగిన పలుకులు పలికించేవారు. న్యూయార్కులో ఇద్దరికి జీతమిచ్చే స్తోమత లేక ఒక్కరినే తెచ్చుకొన్నారు. కాందిదో ఏమి చేసినారు? రెండు వాద్యాలనూ ముందు పెట్టుకొని, ఒక చేతితో నడక తప్పకుండా పట్టి, రెండవ చేతితో ఆ రెండవవాని పని కూడ చేసినారు. దారిద్ర్యం నుండి ఒక విద్య పుట్టినది! తరువాతి కాలంలో కాంగా వాయించేవారెందరో రెండు మూడు మద్దెలలను వరుసగా పెట్టుకొని వాయించే పద్ధతికి ఆయన దారి చూపినారు.

ఇది వినగానే మన విద్యార్థులకు ఆదిభట్ల నారాయణదాసుగారు జ్ఞాపకం రావలెను. 1864లో అజ్జాడ గ్రామంలో పుట్టిన ఆ మహానుభావుడు రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో వేరువేరు తాళాలు వేస్తూ పాడేవారని, అందుకే “లయబ్రహ్మ” అని పేరు పొందినారని మనం చెప్పుకొంటాము. చేయి ఒక లెక్కలో, కాలు మరొక లెక్కలో నడువవలెనంటే మనస్సు ఎంత స్వాధీనంలో ఉండవలెను! దాసుగారికీ కాందిదోకూ సంబంధం ఏమీ లేదు. సముద్రాలు అడ్డం, కాలం అడ్డం, శాస్త్రం వేరు. అయినా మనిషి దేహంలో లయ ఎంత లోతుగా నాటుకొని ఉన్నదో ఇద్దరూ వేరువేరు మార్గాల్లో నిరూపించినారు.

క్యూబా లయకు ఆధారమైనదేమిటో పిల్లలు తరగతిలోనే తెలుసుకోవచ్చును. పదహారు మాత్రలు లెక్కపెట్టి 1, 4, 7, 11, 13 మాత్రలపై చప్పట్లు కొట్టి చూడండి. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండవ సగంలో రెండు. దీనిని వారు “క్లావె” అంటారు. రెండు చిన్న కర్రలతో దీనిని కొడతారు. ఎవరు ఎంత విజృంభించినా ఈ అయిదు దెబ్బలను మాత్రం తప్పరాదు. మన తాళాన్ని చేయి వేసి చూపినట్లే, ఇది వారి సంగీతానికి వెన్నెముక. గణితం బోధించే ఉపాధ్యాయులకు కూడ ఇందులో చెప్పడానికి ఎంతో ఉన్నది.

కాందిదో ప్రతిభ అక్కడితో ఆగలేదు. 1950 దశకం తొలిభాగంలో ఆయన మూడు కాంగాలను మూడు వేరువేరు స్వరాలకు శ్రుతి చేసి, వాటిపై రాగచ్ఛాయలు పలికించినారు. అప్పటివరకు మద్దెల పని నడక చెప్పడమే అనుకొన్నవారు మద్దెల పాడుతుంటే విన్నారు. మన మృదంగవాద్యకారుడు కుడిమూతను గాయకుని ఆధారషడ్జానికి కలపకుండా వేదికపై కూర్చోడు. కనుక మద్దెలకు శ్రుతి ఉన్నదని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. తెలిసి కూడ మనం దానిని స్వరం లేని వాద్యంగానే చూడటం చిత్రం. పియానో విద్వాంసుడైన బిల్లీ టేలర్ 1954లో చేసిన గ్రామఫోను రికార్డుకు “బిల్లీ టేలర్ త్రయం, కాందిదోతో” అన్న అర్థం వచ్చే పేరు పెట్టినారు. వలస వచ్చిన మద్దెలకారుని పేరు అట్టమీదకు ఎక్కినది! మా కళాశాల ఆహ్వానపత్రంలో లేనిది సరిగ్గా అదే.

ఆయనకు ఒక సంవత్సరం వెనుక, 1947లో, చానో పోసో అనే మరొక క్యూబా వాద్యకారుడు న్యూయార్కు వచ్చినారు. హవానా నగరంలోని బీదల పేటలో పుట్టినవారు. చదువు లేదు, సంగీతలిపి రాదు, ఇంగ్లీషు రాదు. ఆయనను తన మేళంలో చేర్చుకొన్న బాకా విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీకి స్పానిష్ రాదు. పోసో తన మనసులోని వరుసలను నోటితో పాడి వినిపిస్తే, గిలెస్పీ, గిల్ ఫుల్లర్ అనే మరొకరు వాటిని మేళానికి అనువుగా తీర్చినారు. అట్లా పుట్టిన “మాంతేకా” అనే కృతి జాజ్ సంగీతపు దిశనే మార్చినదని ఆ విద్య తెలిసినవారంటారు. నేను ఇక్కడ ప్రత్యేకించి చెప్పదలచినది వేరు. ఆ కృతికర్తల పేర్లలో గిలెస్పీ, ఫుల్లర్ పేర్లతోపాటు పోసో పేరు కూడ ఉన్నది. వ్రాయడం రానివాడు కర్త కాడని ఎవరూ అనలేదు. పాపం, ఆయన ఆయుస్సు మాత్రం స్వల్పం. 1948 డిసెంబరు 2న ఒక పానశాలలో తుపాకి దెబ్బకు గురియై, 33 ఏండ్లకే మరణించినారు. ఒకే ద్వీపం, ఒకే వాద్యం, ఒకే నగరం. ఒకరికి వలస వచ్చిన తరువాత రెండేండ్లయినా దక్కలేదు, మరొకరికి డెబ్బదికి పైగా దక్కినవి. వలస బ్రతుకు బంగారుబాట అని ఎవరైనా చెబితే నమ్మకండి.

కాందిదోకు 2008లో అమెరికా ప్రభుత్వ కళానిధి సంస్థ జాజ్ విద్వాంసులకిచ్చే అత్యున్నత గౌరవాన్ని ఇచ్చినది. పాలడబ్బాతో మొదలైన చేయి 87వ ఏట ఆ సత్కారాన్ని అందుకొన్నది.

ఇక్కడ కొందరు ఆక్షేపించవచ్చును. “పక్కవాద్యం స్వభావం చేతనే పక్కవాద్యం. గానం ప్రధానం, లయ దానికి ఆశ్రయం. మద్దెలకారుడు ముందుకు వస్తే రసభంగమవుతుంది” అంటారు. ఈ మాటలో సగం సత్యమున్నది. వేదికపై ఎవరి స్థానం వారిదే. గాయకుని మించి మ్రోగే మృదంగాన్ని నేనూ మెచ్చను. కాని స్థానం వేరు, పేరు వేరు. పునాదిరాయి గోడపైకి ఎక్కనక్కరలేదు. పునాది ఉన్నదని చెప్పడం మాత్రం ఇల్లు కట్టినవాని ధర్మం.

మరొక ఆక్షేపణ ఇంకా గట్టిది. “అమెరికాలో ఒక్క కాందిదోకు పేరు వచ్చినది. ఆయనవలె వలస వచ్చి, అనామకంగా పోయినవారు ఎందరు లేరు? అది ధనబలం గల దేశం. రికార్డుల వ్యాపారం ఆయనను నిలబెట్టినది. మనకు ఆ పోలిక ఎందుకు?” అని అడుగుతారు. అనామకులు అక్కడా ఉన్నారన్నది నిజం. నల్లని చర్మం గల కళాకారులను ఆ దేశం ఎంత హీనంగా చూచినదో చరిత్ర పుటలలో ఉన్నది. దానిని కప్పిపుచ్చి ఆ దేశాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. కాని ఒక మనిషి పేరు అచ్చు వేయడానికి ధనబలం కావలెనా? పద్నాలుగు పేర్లకు అయ్యే సిరా ఎంత? మాకు తక్కువైనది ధనం కాదు, ధ్యాస.

పైగా మన నేలకు ఈ గుణం కొత్త కాదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలసినప్పుడు నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైనారు. బెంగుళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరుదామని అక్కడికి వస్తే, ఆయన వాద్యం విన్న దాసుగారు ఆయనను విద్యార్థిగా కాక వాయులీన ఆచార్యునిగా నియమించినారు. వచ్చినవాడెవరు, ఏ ఊరివాడు అని అడగలేదు. ఏమి వాయిస్తాడని అడిగినారు. ఆయన చేతిలోని వాయులీనం మాత్రం ఎక్కడిది? ఐరోపా నుండి వలస వచ్చిన వాద్యమే గదా! వలస వాద్యం, వలస విద్వాంసుడు కలిసి విజయనగరానికి పేరు తెచ్చినారు. 1936లో ఆ కళాశాలకు నాయుడుగారే అధ్యక్షులైనారు. ఆయన కచేరీలకు మృదంగం వాయించినవారిలో సాలూరు ప్రాంతంలోని శివరామపురానికి చెందిన సన్యాసిరాజుగారొకరు. చలనచిత్ర సంగీతంలో మహాయశస్సు గడించిన సాలూరి రాజేశ్వరరావుగారి తండ్రి ఆయన. కుమారుని పాటలు ఇంటింటా మ్రోగినవి. తండ్రి మృదంగం సంగతి ఎందరికి తెలుసు?

ఇక నేటి స్థితి చూడండి. మా తాతల కాలంలో శ్రీకాకుళం పల్లెలవారు “రంగం” పోయేవారు, రంగమంటే రంగూను. 1942లో యుద్ధం వచ్చి బర్మా నుండి వేలకొలది జనం కాలినడకన తిరిగి వచ్చిన కథలు పెద్దలు చెప్పగా విన్నాము. నేడు దారులు మారినవి. మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ రేవుకు పోతున్నారు. కూలీలు హైదరాబాదు, చెన్నపట్నం మేడల పనులకు పోతున్నారు. వారిలో తప్పెట కట్టిన రొమ్ములున్నవి, జముకు మీటిన వేళ్ళున్నవి. కాందిదో తన వాద్యంతో వలస పోయినారు; ఆ వాద్యమే ఆయనకు అన్నం పెట్టినది. మన వాద్యకారుడు తన వాద్యాన్ని ఇంటి చూరుకు తగిలించి వలస పోతున్నాడు. పండుగకు తిరిగి వచ్చినప్పుడు దానిని దింపితే దింపుతాడు, లేకుంటే లేదు. ఒక తరం దింపకపోతే రెండవ తరానికి చూరుమీద ఉన్నదేమిటో కూడ తెలియదు. చట్టం నిషేధించిన మద్దెల రెండు వందల ఏండ్లకైనా తిరిగి మ్రోగినది. మన ఉపేక్ష వలన ఆరిపోయినదానిని మ్రోగించడానికి ఎవరు వస్తారు?

పేరు వేసినంత మాత్రాన కడుపు నిండుతుందా అని అడగవచ్చును. నిండదు. తగిన వేతనం, ఆదరణ, నేర్పే అవకాశం, అన్నీ కావలెను. కాని పేరు లేనివానికి వేతనం ఎవరు లెక్కిస్తారు? “బృందం” అన్న మాటకు ఒక్క దండ చాలు. పద్నాలుగు పేర్లు ఉంటే పద్నాలుగు దండలు తేవలెనన్న బుద్ధి పుడుతుంది. లెక్క పేరుతోనే మొదలవుతుంది. మా తప్పెటగుళ్ళ పెద్ద చెప్పిన లెక్క ఇదే.

ఈ పని ఎవరు చేయవలెను? బడిపంతులే చేయవలెనని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే కదా సవరల భాష నేర్చుకొన్నది! లిపి లేని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు సిద్ధం చేసినారు. పండితులు భాషగానే ఎంచని దానిని ఆయన చెవియొగ్గి విన్నారు. నేటి ఉపాధ్యాయులు అంత చేయనక్కరలేదు. మూడు పనులు చేస్తే చాలు. తమ ఊరిలో వాద్యం వాయించేవారి పేర్లు, వారికి నేర్పినవారి పేర్లు విద్యార్థులచేత వ్రాయించి పాఠశాలలో భద్రపరచవలెను. వారు నోటితో చెప్పే దరువుల పలుకులను, తప్పులు దిద్దకుండా, విన్నవి విన్నట్లు ఎక్కించవలెను. పాఠశాల ఉత్సవాల ఆహ్వానపత్రాలలో అతిథుల బిరుదులు రెండు తగ్గించియైనా ఆ పేర్లు అచ్చు వేయవలెను. ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు.

మరుసటి సంవత్సరం మేము అట్లాగే చేసినాము. పద్నాలుగు పేర్లతో ఉన్న పత్రాన్ని నేనే స్వయంగా తీసుకొనిపోయి ఆ పెద్దకు ఇచ్చినాను. మనవడు చదువుతుంటే ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క వ్రేలు మడుస్తూ విన్నారు. లెక్క సరిపోయినది. ఈ సంగతి పత్రికకు వ్రాస్తాను, మీ పేరు వేయమంటారా అని అడిగితే, “పత్రికలో ఎందుకు మేస్టారూ, ముందు మా ఊరి బడిలో రాయండి” అన్నారు. అందుచేతనే ఇక్కడ ఆయన పేరు వ్రాయలేదు. నేను లేచి వస్తూ ఉండగా మళ్ళీ పిలిచి ఒక మాట అన్నారు: “నాకు నేర్పింది మా అయ్య. వచ్చేయేడు ఆయన పేరు కూడా ఎయ్యొచ్చునా?”

ఇన్నేండ్లు తెలుగు చెప్పిన నాకు గురువు పేరు ముందు చెప్పవలెనన్న సంగతి ఆయన గుర్తు చేయవలసి వచ్చినది.